గింజ పడనివాళ్ళకు టమాటా: పెరటి పాదు నుంచి చారు గిన్నె దాకా

మా నాయనకు పేగు ఆపరేషనై నాలుగేళ్ళయింది. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరుగారు రాసిచ్చిన పథ్యం కాగితంలో ఒక వాక్యం కింద రెండు గీతలు గీశారు: గింజలు, తొక్కలు వద్దు. కోసి కుట్టిన చోట పేగు సన్నబడిందట, అరగనిది ఏదైనా అక్కడ అడ్డం పడుతుందట. జామకాయ మానేశాడు, వంకాయ మానేశాడు, నోరెత్తలేదు. టమాటా చారు దగ్గరే మనసు ఆగిపోయింది. చింతపండు చారు పెడితే తినేవాడు గానీ, గిన్నెలో గరిటె తిప్పి చూసి "ఇందులో టమేటా పడలేదు గదమ్మా" అనేవాడు. రోజూ అదే మాట.

ఆ మాట వినలేకే పెరట్లో టమాటా వేశాను. మాది కావలి దగ్గర, సముద్రం గాలి తగిలే ఇసుక నేల. కింద రాసిందంతా ఈ నేలలో పెంచి, మా వంటింట్లో చేసి, నాయన కంచంలో పెట్టి చూసిన పద్ధతే. మొదట్లో నేను చేసిన పెద్ద పొరపాటు ముందే చెబుతాను. గింజలు వద్దన్నారని, వాటి చుట్టూ ఉండే జిగురునంతా గీకి చెత్తబుట్టలో వేసేదాన్ని. మిగిలిన కండతో చారు పెడితే రంగు వచ్చేది గానీ రుచి వచ్చేది కాదు. టమాటాలో పులుపు ఆ జిగురులోనే ఎక్కువ. నాలుకను పట్టుకునే ఆ కమ్మదనం కూడా అక్కడిదే. 2007లో ఇంగ్లండులోని రెడింగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కండనూ గింజల చుట్టూ ఉండే జిగురునూ విడివిడిగా పరీక్షించి, కమ్మదనానికి మూలమైన గ్లుటామిక్ ఆమ్లం జిగురులోనే బాగా ఎక్కువని తేల్చారు. అందుకే ఈ పద్ధతి అంతా ఒక్క పని చుట్టూ తిరుగుతుంది: గింజను బయటికి పంపాలి, జిగురును గిన్నెలోనే ఉంచుకోవాలి.

ముందు, ఎందుకు పడవో తెలుసుకోండి

గింజలు ఎందుకు వద్దన్నారో దాన్నిబట్టి ఎంత జాగ్రత్త కావాలో ఉంటుంది. కట్టుడు పళ్ళ కింద గింజ ఇరుక్కుని చిగురు ఒరుసుకుపోయే పెద్దవాళ్ళకు కంటికి కనిపించే గింజలు తీసేస్తే చాలు, ఒకటీ అరా మిగిలినా ప్రమాదం లేదు. పెద్దపేగును లోపల చూసే కొలనోస్కోపీ పరీక్షకు ముందు కొన్ని రోజులు గింజలున్నవి మానమంటారు, అది ఆ నాలుగు రోజుల పథ్యమే. మా నాయనలాగా పేగు సన్నబడినవాళ్ళకు మాత్రం గింజా తొక్కా రెండూ పూర్తిగా పోవాలి.

పెద్దపేగుకు సంచుల్లాంటి బుడిపెలు వచ్చే జబ్బులో గింజలు ముట్టుకోవద్దని చాలాకాలం చెప్పేవారు. 2008లో అమెరికాలో 47 వేల మందికి పైగా మగవాళ్ళను 18 ఏళ్ళపాటు గమనించిన అధ్యయనం వచ్చింది. గింజపప్పులు, మొక్కజొన్న, పాప్‌కార్న్ తినేవాళ్ళకు ఆ జబ్బు ముదరడం ఎక్కువేమీ కాలేదని అందులో తేలింది. కాబట్టి ఎప్పుడో ఎవరో చెప్పారని మానేసినవాళ్ళు మళ్ళీ ఒకసారి మీ డాక్టరును అడగండి. అనవసరమైన పథ్యం పెద్దవాళ్ళకు శిక్షే.

టమాటా తింటే పెదాలు వాచినా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, ఊపిరి ఆడకపోయినా అది ఎలర్జీ. ఎలర్జీ తెచ్చే ప్రొటీన్లు గింజలోనే కాదు, తొక్కలోనూ కండలోనూ ఉంటాయి. గింజలు తీసి పెట్టి చూద్దామని ఇంట్లో ప్రయోగాలు చేయకండి.

ఇంకొకటి, మన వైపు ప్రతి ఇంట్లో వినబడే మాట: టమాటా గింజలు తింటే కిడ్నీలో రాళ్ళు పడతాయని. గింజ పోయి కిడ్నీలో కూర్చోదు. ఎక్కువమందిలో కనిపించే రాయి కాల్షియం ఆక్సలేటుది. ఆక్సలేటు పాలకూరలో మెండుగా ఉంటుంది, టమాటాలో దానితో పోలిస్తే లెక్కలోకి రాదు. మన ఎండలకు తగినన్ని నీళ్ళు తాగకపోవడమే అంతకంటే పెద్ద సంగతి. అయితే కనిగిరి వైపు ఊళ్ళలో కిడ్నీలే దెబ్బతిన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ ఇబ్బంది వేరు, ఒంట్లో పేరుకునే పొటాషియం. అది 100 గ్రాముల ఉడికించని టమాటాలో 240 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, గింజ తీసినా పోదు. చిక్కగా మరగబెట్టిన గుజ్జులో ఇంకా ఎక్కువవుతుంది. వాళ్ళు ఈ పద్ధతి చూసి ధైర్యపడకూడదు, డాక్టరు చెప్పిన కొలతే కొలత.

ఏ కాయ పెంచాలి

బజారులో మనకు రెండు రకాలు కనిపిస్తాయి. గుండ్రంగా, కాస్త అణిగినట్టు, ముచ్చిక దగ్గర మడతలు పడి ఉండే నాటు కాయ ఒకటి. కోడిగుడ్డులా కోలగా, గట్టిగా ఉండే కాయ రెండోది, దీన్ని బెంగళూరు టమాటా అనీ హైబ్రిడ్ అనీ అంటాం. రెండింటినీ అడ్డంగా కోసి పక్కపక్కన పెట్టి చూడండి. నాటు కాయలో నాలుగైదు గదులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, ఒక్కోటి ఒక్కో తీరున వంకరగా ఉంటాయి. ప్రతి గదిలో జిగురు, దాని నిండా గింజలు. కోల కాయలో రెండే గదులు, మహా అయితే మూడు. మందమైన కండ గోడ, మధ్యలో తెల్లటి బొడ్డు, అటొక గది ఇటొక గది. బొటనవేలు ఒక్కసారి తిప్పితే గది ఖాళీ. ఒక్క కాయకైతే తేడా తెలియదు, రోజూ అరకిలో వలిచే చేతికి తెలుస్తుంది.

నాటు కాయకు పులుపూ వాసనా ఎక్కువ, ఒప్పుకుంటాను. అందుకే నేను ఆరు మొక్కల్లో నాలుగు కోల రకం, రెండు నాటు రకం వేస్తాను. కోల కాయ ముక్కలకు, నాటు కాయ వడగట్టి తీసే పులుసుకు.

విత్తనం కొనేటప్పుడు: రోమా అనే పాత కోల రకం కుండీలకు బాగుంటుంది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ గట్టి కాయ, ఆకుముడత వైరస్, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమచ్చ తెగులు మూడింటినీ తట్టుకుంటుంది. మందు కొట్టడం ఇష్టంలేని పెరటికి అది మంచి ఎంపిక. చెర్రీ టమాటా జోలికి పోవద్దు. అంత చిన్న కాయలో గింజా తొక్కా తీసేశాక మిగిలేది ఏమీ ఉండదు.

గింజలే లేని టమాటా పెంచలేమా?

అందరూ అడుగుతారు, నేనూ వెతికాను. కాయ ఊరడానికి కావలసిన హార్మోను చాలావరకు లోపల పెరిగే గింజల నుంచే వస్తుంది. గింజ కట్టకుండా కాయ కట్టే రకాలు ఉన్నాయి. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో తయారైన ఆరెగాన్ స్ప్రింగ్, సైలెట్జ్, లెజెండ్ అలాంటివే. అక్కడి చలికి పుప్పొడి పనిచేయకపోయినా పిందె నిలవాలని వాటిని తీర్చిదిద్దారు. వాతావరణం వేడెక్కితే ఆ మొక్కలకూ గింజలు కడతాయి. మన నెల్లూరు జిల్లాలో జనవరి రాత్రి కూడా వాటికి వెచ్చనే. కాబట్టి ఆ విత్తనం తెప్పించుకుని నిరాశపడొద్దు.

పువ్వు మీద హార్మోను మందు పిచికారీ చేస్తే గింజ లేకుండా కాస్తుందని కూడా చెబుతారు. పనిచేస్తుంది, కానీ కాయ లోపల బోలుగా, బయట సొట్టలుగా వస్తుంది. అందుకు వాడే మందుల్లో ఒకటైన 2,4-డి అసలు కలుపు చంపే మందు. మోతాదు రవ్వంత మించితే టమాటా ఆకులే మెలికలు తిరిగిపోతాయి. పథ్యం మనిషి కోసం పెంచే మొక్క మీద అది నాకు సమ్మతం కాదు. గింజ కట్టనీ, తీసుకుందాం.

ఎప్పుడు వేయాలి

ఇక్కడే మన జిల్లాల లెక్క వేరు. నెల్లూరు, ప్రకాశం తీరానికి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనంతో వస్తాయి. తుపాన్లూ అప్పుడే. 2021 నవంబరులో పెన్నా పొంగింది అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ వానల్లో నేల మీద నాటిన టమాటా వేరు కుళ్ళి పోతుంది. ఆలస్యం చేద్దామంటే ఏప్రిల్ ఎండలు మొదలయ్యాక పూత నిలవదు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి చెడిపోయి పువ్వు పువ్వుగానే రాలుతుంది.

మధ్యలో ఉన్న సందు చిన్నది, దాన్ని పట్టుకోవాలి. విశాఖ కార్తెలో, అంటే నవంబరు మధ్యలో, వసారాలో చూరు కింద ట్రేల్లో నారు పోయండి. ఎండ తగలాలి, వాన తగలకూడదు. 25 రోజుల నారు, నాలుగైదు ఆకులది, జ్యేష్ఠ కార్తె చివర డిసెంబరు మధ్యకు నాటుకోవచ్చు. తుపాను వార్త ఉంటే ఇంకో వారం ఆగండి, నారు ముదరదు. సంక్రాంతికి పూత, ఫిబ్రవరి చివర మొదటి కోత, ఏప్రిల్ మధ్య దాకా కాయ.

నేల, నీళ్ళు

మా ఇసుకలో నీళ్ళు నిలవవు, బలమూ నిలవదు. ఉదయగిరి, ఆత్మకూరు వైపు ఎర్ర నేలకు ఇంత పని అక్కర్లేదు. నేను అడుగు లోతు గుంత తీసి, గుంతకు రెండు బొచ్చెల పాత పెంట ఎరువు, ఒక బొచ్చె చెరువు మట్టి, గుప్పెడు వేపపిండి కలిపి పూడుస్తాను. మొక్కకు మొక్కకు ఒకటిన్నర అడుగు, సాలుకు సాలుకు రెండడుగులు. నేల లేనివాళ్ళకు 20 లీటర్ల రంగు డబ్బా చాలు, అడుగున ఐదారు చిల్లులు పెట్టి, ఎర్రమట్టి, వర్మీ కంపోస్టు, కొబ్బరి పొట్టు సమంగా కలపండి. డబ్బాకు ఒకటే మొక్క.

నీళ్ళ దగ్గర కొంచెం ఆగి చెప్పాలి. కోల కాయకు ఒక బలహీనత ఉంది. కాయ అడుగున నల్లగా, తోలు ముక్క అతికించినట్టు మచ్చ వస్తుంది. పురుగు కాదు, తెగులు కాదు. నీళ్ళు ఒకరోజు ఎక్కువ, రెండు రోజులు లేకుండా పోస్తే మట్టిలో ఉన్న కాల్షియం కాయ కొనదాకా చేరదు, అక్కడ కణాలు చచ్చిపోతాయి. గుండ్రటి కాయల కంటే కోల కాయలకు ఇది ఎక్కువ. మొదటి ఏడు నా తొలి కోతలో సగం ఇలాగే పోయాయి. గుడ్డు పెంకులు వేశాను, అవి కరిగేసరికి పంటే అయిపోయింది. మందు ఏమిటంటే రోజూ పొద్దున్నే ఒకే కొలత నీళ్ళు, మొదళ్ళలో మూడు అంగుళాల వరిగడ్డి పరుపు. నెల్లూరులో వరిగడ్డికి కొదవేముంది. గడ్డి పరిచాక ఆ మచ్చ మళ్ళీ దాదాపు కనిపించలేదు.

తీరం ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. కొద్దిపాటి ఉప్పును టమాటా ఓర్చుకుంటుంది. కాయ చిన్నదవుతుంది గానీ రుచి చిక్కబడుతుంది. ఆకు అంచులు మాడుతుంటే మాత్రం ఉప్పు మించిందని గుర్తు, ఆ నల్లమచ్చా పెరుగుతుంది. అప్పుడు బియ్యం కడిగిన నీళ్ళో, వానకు పట్టి పెట్టిన నీళ్ళో మధ్యమధ్య పోయండి. డబ్బాలో పెంచితే వారానికోసారి అడుగు చిల్లుల్లోంచి కారేదాకా మంచినీళ్ళు పోసి ఉప్పు కడిగేయాలి.

మిగతా పనులు అందరికీ తెలిసినవే. మొక్క మోకాలెత్తు కాగానే కట్టె పాతి పురికొసతో వదులుగా కట్టండి. మొదటి పూలగుత్తి కిందున్న పక్క చివుళ్ళు తుంచండి, పైవి వదిలేయండి. ఆకుముడత తెచ్చేది తెల్లదోమ, దానికి పసుపు రంగు జిగురు అట్టలు వేలాడదీయండి. లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు ద్రావణం కలిపి వారానికోసారి సాయంత్రం పూట ఆకుల అడుగున తగిలేలా కొట్టండి. మెలిక తిరిగి గిడసబారిన మొక్క బాగుపడదు, పీకి దూరంగా పారేయండి. పక్కన బంతి వేస్తే కాయతొలుచు పురుగు తల్లి గుడ్లు పెట్టడానికి బంతిపూల మీదికి పోతుంది. బంతి నారు టమాటా కంటే రెండు వారాలు ముందే పోసుకుంటే పూత రెండింటికీ కలుస్తుంది.

కోత

గింజ తీయడానికి కాయ పండాలి, మెత్తబడకూడదు. బాగా మగ్గిన కాయలో జిగురు కండకు అంటుకుపోయి, వేలు పెడితే అంతా ఒకే ముద్దగా వస్తుంది. అడుగున గులాబీ రంగు తిరగగానే కోసి, ముచ్చిక కిందికి ఉండేలా వెదురు బుట్టలో వరసగా పెట్టండి. మన వేడికి మూడు నాలుగు రోజుల్లో ఎర్రబడతాయి. ఉడతలు, పిట్టల పోరు తప్పుతుంది, పగుళ్ళూ ఉండవు. పండకముందు ఫ్రిజ్‌లో పెడితే వాసన చచ్చిపోతుంది. కొని తెచ్చిన పాత కాయలను కోస్తే ఒక్కోసారి గింజలు లోపలే తెల్లగా మొలకెత్తి ఉంటాయి. అలాంటి కాయ పథ్యం మనిషికి పెట్టకండి, మొలక కండలోకి దిగిపోయి తీయడానికి రాదు.

తొక్క, ఆ తర్వాత గింజ

ముందు తొక్క. కాయ అడుగున కత్తి మొనతో చిన్న కత్తిరి గుర్తు పెట్టి, సలసల మరిగే నీళ్ళలో 30 నుంచి 45 సెకన్లు ఉంచి, చల్లనీళ్ళలో వేయండి. గుర్తు పెట్టిన చోట తొక్క పైకి ముడుచుకుంటుంది, పట్టుకుని లాగితే ముచ్చిక దాకా వస్తుంది. నిమిషం దాటితే లోపలి జిగురు ఉడికి గింజలు అతుక్కుంటాయి. పచ్చడికైతే వంకాయను కాల్చినట్టు మంట మీద తిప్పి కాల్చి తొక్క తీయడం మేలు, వాసన బాగుంటుంది.

ఇప్పుడు గింజ. లోతైన గిన్నె మీద సన్న జల్లెడ పెట్టుకోండి. టమాటా గింజ రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల పొడవుంటుంది గానీ పలుచన, నిలువుగా తిరిగితే వెడల్పు చిల్లులోంచి జారిపోతుంది. టీ వడగట్టే ప్లాస్టిక్ జల్లెడలో నాకు రెండుసార్లు జారాయి. మైదా జల్లించే స్టీలు జల్లెడ సరిగ్గా సరిపోతుంది.

కాయను నిలువుగా కోయొద్దు. నిలువుగా కోస్తే కత్తి ఒక గదిని తెరిచి పక్క గదిని మూసినట్టే వదిలేస్తుంది. నడుము దగ్గర అడ్డంగా కోయండి, అన్ని గదులూ రెండు చెక్కల్లోనూ నోరు తెరుచుకుంటాయి. చెక్కను జల్లెడ మీద బోర్లించి, అరచేతిలో మెల్లగా నొక్కండి. సగం జిగురు దానంతటదే జారుతుంది. తర్వాత బొటనవేలు గది అంచు వెంట ఒక్కసారి తిప్పండి. గోరు కండకు తగలకూడదు, వేలి మెత్తటి భాగమే తగలాలి. మధ్య బొడ్డు పక్కన పలుచటి పొర కింద రెండు మూడు గింజలు దాక్కుంటాయి, అందరూ వదిలేసేవి అవే. చెక్కను కిటికీ వెలుతురుకు ఎత్తి చూస్తే నీడల్లా కనిపిస్తాయి. చెంచా కాడతో గీకితే వచ్చేస్తాయి. ఖాళీ చెక్కలను కుళాయి కింద కడగకండి, రుచి కాలువలో పోతుంది.

జల్లెడలో పోగైన జిగురు మీద చిటికెడు ఉప్పు చల్లి పది నిమిషాలు వదిలేయండి, నీరు ఊరి పలుచనవుతుంది. రెండు చెంచాల నీళ్ళు పోసి, చెక్క గరిటె వీపుతో గుండ్రంగా తిప్పండి. అదమకండి, తిప్పండి అంతే. గిన్నెలోకి లేత ఎరుపు పులుసు దిగుతుంది, జల్లెడలో గింజలు దాదాపు పొడిగా మిగులుతాయి. కిలో కాయలకు నాకు ముప్పావు గ్లాసు దిగుతుంది. మొదట్లో నేను పారబోసింది ఇదే.

ఆఖరి పరీక్ష: నల్లటి పెనం మీద చెంచాడు పులుసు పలుచగా పరిచి చూడండి. గింజ ముక్క ఉంటే నలుపు మీద లేత పసుపుగా కనబడుతుంది. ముక్కలను స్టీలు పళ్ళెంలో పరిచి ఎండలో ఒకసారి చూడండి. నాయన వంతు గిన్నెకు నేను ఈ రెండూ తప్పకుండా చేస్తాను.

మిక్సీ సంగతి చెప్పి తీరాలి. ఒకరోజు ఇంటి నిండా చుట్టాలు, తొందరలో కాయలను అలాగే మిక్సీలో తిప్పి వడగట్టాను. జల్లెడ మీద ఏమీ మిగల్లేదు, గింజలు లేని కాయలు కాబోలనుకున్నాను. ఆ రాత్రి నాయన కడుపు పట్టుకుని కూర్చున్నాడు. తెల్లారి మిగిలిన గుజ్జును పెనం మీద పరిచి చూస్తే ఇసుక చల్లినట్టు గింజ నలకలు. బ్లేడు గింజను నరికితే ఆ ముక్కలు ఏ జల్లెడకూ ఆగవు. రోకలి పోటుకైనా అంతే. నొప్పికి అదొక్కటే కారణమని రుజువు లేకపోయినా, ఆ రోజు నుంచి గింజ తీయని కాయ మా మిక్సీ గిన్నెలో పడలేదు. హోటల్ పచ్చళ్ళలో గింజలు ఇలాగే నలిగి ఉంటాయి, బయట తినేటప్పుడు గుర్తుపెట్టుకోండి.

పోపులో గింజలు మరవకండి

టమాటా గింజ ఒక్కోటి ఏరి తీసి, చివర ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయ గింజలతో పోపు పెడితే చేసిన పనంతా వృథా. మన వంటకు పోపు లేకపోతే ప్రాణం లేదు. కాబట్టి పోపు మామూలుగానే పెట్టండి, ఆవాలు చిటపటలాడి, ఇంగువ వాసన రాగానే ఆ నూనెను స్టీలు జల్లెడలోంచి గిన్నెలోకి వడగట్టండి. వాసనంతా నూనెలోనే ఉంటుంది. వేడి నూనె, ప్లాస్టిక్ జల్లెడ వాడొద్దు. మిగిలిన పోపు గింజలు మిగతా వాళ్ళ గిన్నెలో వేసుకోవచ్చు. ఎండుమిరపకాయలు విరిచి గింజలు దులిపేయండి. కారం కూడా అలా దులిపిన కాయలతోనే ఇంట్లో కొట్టుకోండి. మిరియాలు, ధనియాలు, జీలకర్ర కలిపిన చారు పొడి మెత్తగా కొట్టి పలుచటి గుడ్డలో వస్త్రగాళితం పట్టి సీసాలో పెట్టుకుంటే నెలకు సరిపోతుంది.

ఇక వంట

చారుకు: నలుగురికి ఐదు కోల కాయలు, రెండు నాటు కాయలు. కండను గిన్నెలో వేసి, కాసిని నీళ్ళతో మెత్తగా ఉడికించి పప్పుగుత్తితో మెదపండి. నిమ్మకాయంతలో సగం చింతపండు రసం, మూడు గ్లాసుల నీళ్ళు, ఉప్పు, పసుపు, ఒక చెంచా చారు పొడి. బాగా మరిగాక దించేముందు వడగట్టి పెట్టుకున్న జిగురు పులుసు పోసి ఒక్క పొంగు రానివ్వండి. ముందే పోసి గంట కాగనిస్తే ఆ పచ్చి పులుపు వాసన ఎగిరిపోతుంది. వడగట్టిన పోపు నూనె పోసి, కొత్తిమీర కట్ట అలాగే ముంచి తీసేయాలి. ఈ చారు మొదటిసారి పెట్టిన రోజు నాయన గిన్నెలో గరిటె తిప్పలేదు. ఇంకొంచెం పొయ్యమన్నాడు.

పప్పుకు: కందిపప్పు విడిగా ఉడికించి, మెదిపి, ఆ తర్వాతే టమాటా గుజ్జు కలపండి. పులుపు ముందే తగిలితే పప్పు త్వరగా మెత్తబడదు, బద్ద బద్దగా ఉంటే మళ్ళీ ఇబ్బందే.

పచ్చడికి: కాల్చి, తొక్క తీసి, గింజ తీసిన చెక్కలు ఆరు. గింజలు దులిపిన ఎండుమిరపకాయలు నాలుగు నూనెలో వేయించి, ఉప్పు, రెండు వెల్లుల్లి రెబ్బలతో రోట్లో మెత్తగా నూరి, చివర చెక్కలు వేసి నాలుగు పోట్లు. నువ్వులు వేయొద్దు. జిగురు పులుసు రెండు చెంచాలు పైన కలిపితే పలుచదనమూ పులుపూ సరిపోతాయి.

చేపల పులుసులోకి ఈ గుజ్జు ఎంత కలుస్తుందో చెప్పలేను. మార్చి నెలలో పుల్ల మామిడికాయ వస్తుంది, టమాటా కోతా అప్పుడే. చింతపండు తగ్గించి, మామిడి ముక్కలు ఉడికించి వాటి రసం, టమాటా గుజ్జు కలిపి, వంజరం ముక్కలు వేసి రాత్రి చేసి పెట్టుకుంటే తెల్లారేసరికి ముక్కకు పులుపు పడుతుంది. మెంతులు గింజలుగా వద్దు, వేయించి కొట్టిన పొడి చిటికెడు చాలు. ముల్లు ఏరి పెట్టడం వేరే ఓపిక.

నిల్వ

మార్చి చివర కాయ ఒక్కసారిగా మీద పడుతుంది, మే నెలలో మళ్ళీ బజారు మీద ఆధారపడాలి. తొక్కా గింజా తీసిన కండను మందపాటి గిన్నెలో సగానికి మరగబెట్టి, చల్లార్చి, ఐస్ ముక్కల ట్రేలో పోసి గడ్డకట్టించి, కవర్లలో వేసి పెట్టుకోండి. చారుకు నాలుగు ముక్కలు. డీప్ ఫ్రీజరులో నాలుగైదు నెలలు రుచి చెడదు. మామూలు ఫ్రిజ్‌లో మూడు రోజులకు మించి ఉంచకండి. గుజ్జును సీసాకు పట్టి బయట అలమరలో పెట్టడం ఇంటి పద్ధతిలో క్షేమం కాదు.

ఊరబెట్టే పచ్చడి కూడా చేయొచ్చు. కిలో కండ ముక్కలకు 100 గ్రాముల ఉప్పు, కాస్త పసుపు కలిపి జాడీలో మూడు రోజులు. నాలుగో రోజు ముక్కలు పిండి తీసి ఎండలో వడియాల గుడ్డ మీద రెండు రోజులు ఎండబెట్టి, ఊరిన నీళ్ళలో 100 గ్రాముల చింతపండు నానబెట్టి, ఈనెలు పిక్కలు తీసి, రెండూ కలిపి రుబ్బాలి. కారం 100 గ్రాములు, మెంతిపొడి ఒక చెంచా, వడగట్టిన ఇంగువ పోపు నూనె పావు కిలో. మన ఎండకు ఇది చక్కగా నిలుస్తుంది.

జల్లెడలో మిగిలిన గింజలు

వాటిని కంపోస్టులో వేస్తే వేసిన ప్రతి చోటా టమాటా మొలుస్తుంది. మంచి నాటు కాయ గింజలను నేను విడిగా తీసి దాస్తాను. హైబ్రిడ్ గింజ దాచొద్దు, వచ్చే ఏడు తల్లి గుణం నిలవదు. విత్తనానికి తీసే కాయ జిగురు మీద ఉప్పు చల్లకండి. గ్లాసులో జిగురుతో సహా వేసి, చెంచాడు నీళ్ళు కలిపి, గుడ్డ కప్పి నీడన పెట్టండి. మన వేడికి రెండు రోజుల్లో పైన తెల్లటి పొర కట్టి పులిసిన వాసన వస్తుంది. మొలకను ఆపే జిగురు అప్పటికి విడిపోతుంది. నీళ్ళు పోసి కలిపితే మంచి గింజ అడుగుకు దిగుతుంది, తాలు పైకి తేలుతుంది. తేలినవి వంచేసి, దిగినవి కడిగి, పింగాణీ పళ్ళెంలో నీడన నాలుగు రోజులు ఆరబెట్టండి. పాత కాగితం మీద ఆరబెడితే అంటుకుపోతాయి.

పొట్లం మీద రకం పేరు, నెల రాసి, మూత గట్టి సీసాలో కొంచెం బూడిదతో పెడతాను. పొట్లం మీద రాసేది నాయనే. ఈ ఏటి పొట్లం మీద "మార్చి, నాటు, పెద్ద కాయ" అని రాసి, కింద ఇంకో రెండు మొక్కలు ఎక్కువ వెయ్యమని కూడా రాశాడు.